మెచ్చుకుంటే చాలదు.. మెట్టెక్కాలి

బెంగళూరులో కాపురముండే తెలుగువాళ్ల ఇళ్లకు ఊరి నుంచి చుట్టాలొస్తే తిప్పి చూపించే వరస ఒకటుంది. పొద్దున్నే గాంధీబజార్ విద్యార్థి భవన్‌లో దోసె. కాకపోతే మల్లేశ్వరం సీటీఆర్‌లో బెణ్ణె దోసె. లాల్‌బాగ్ చూసుకుని ఎంటీఆర్‌లో భోజనం. సాయంత్రం శంకరపురం బ్రాహ్మిన్స్ కాఫీబార్‌లో ఇడ్లీ వడ. మధ్యలో వీలు చిక్కితే చిక్కపేటలో చీరలు. హిందూపురం, మదనపల్లె, పలమనేరు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి రాత్రికి ఇల్లు చేరుకునేవాళ్లకు కూడా ఈ వరస కంఠతా వచ్చు.

ఇందులో తప్పేం లేదు. ఎంటీఆర్‌ది 1924 నాటి పుట్టుక. విద్యార్థి భవన్ 1943లో తెరిచారు. బ్రాహ్మిన్స్ కాఫీబార్ 1965 నుంచి ఉంది. అక్కడ సాంబారు పెట్టరు, చట్నీ ఒక్కటే. ఇంకో హోటల్లో అయితే గిరాకీలు గొడవకు దిగుతారు. అక్కడ మాత్రం గిన్నె పట్టుకుని రెండోసారి చట్నీ కోసం నిలబడతారు. అలాంటి చోటికి చుట్టాన్ని తీసుకెళ్లడం గొప్పే.

చిక్కల్లా ఆ వరస నాలుగు పేర్ల దగ్గరే ఆగిపోవడం. రద్దీ రోజుల్లో ఆ నాలుగు వాకిళ్ల ముందు గంటసేపు నిలబడాలి. అదే వీధిలో నాలుగు గుమ్మాలు దాటితే, అంతే కాలం నుంచి అంతే శ్రద్ధగా ఒక్క సరుకే అమ్ముకుంటున్న అంగడిలో యజమాని పేపరు చదువుకుంటూ కూర్చుని ఉంటాడు. బెంగళూరు పాత అంగళ్ల గురించి మాట్లాడేవాళ్లంతా ముందు ఈ తేడా గమనించాలి. పేరు మోసిన నాలుగింటికి వచ్చే జనాన్ని చూసి ‘పాత బెంగళూరు పదిలంగానే ఉంది’ అనుకుంటే పొరపాటు.

పేరుంటే గట్టెక్కుతారా అంటే అదీ లేదు. మల్లేశ్వరం సంపిగె రోడ్డులోని న్యూ కృష్ణ భవన్ 1954లో మొదలైంది. 2023 డిసెంబరులో మూతపడింది. మూసేస్తున్నారని తెలిసి జనం ఎగబడ్డారు. ఫొటోలు తీసుకున్నారు, కళ్లు తుడుచుకున్నారు. గిరాకీ లేక చితికిపోయిన హోటల్ కాదది. కానీ బెంగళూరులో అలాంటి రోడ్డు మీద ఉన్న స్థలం విలువను ఇడ్లీ, దోసెలు అమ్మి అందుకోవడం ఎవరి తరం? ఈ లెక్క అభిమానులకు అర్థం కావడం లేదు.

అద్దె గోడల మధ్య

పాత హోటళ్లు, అంగళ్లు ఎందుకు మూతపడుతున్నాయంటే సాధారణంగా చెప్పే కారణాలు రెండు. పిల్లలు చదువుకుని వేరే ఉద్యోగాల్లోకి వెళ్లిపోయారు. పనివాళ్లు దొరకడం లేదు. రెండూ నిజమే. ఒకప్పుడు ఉడుపి, కుందాపురం వైపు నుంచి పదో తరగతి తప్పిన కుర్రాడు బెంగళూరు హోటల్లో చేరి, పదేళ్లకు తనూ ఒక హోటల్ పెట్టుకునేవాడు. ఇప్పుడు ఆ కుర్రాళ్లు రావడం లేదు. వాళ్ల చోట ఒడిశా, అసోం, బెంగాల్ పిల్లలు దోసెలు పోస్తున్నారు. బాగానే పోస్తున్నారు కూడా. అంటే పనివాళ్ల సమస్యకు ఏదో ఒక దారి దొరికింది. దొరకనిది అద్దెకే.

ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి. ఆ బెడద ఎందుకని ఊరంతా 11 నెలల కాగితమే రాసుకుంటుంది. ముప్ఫై ఏళ్లుగా ఒకేచోట ఉన్న అంగడి కూడా కాగితం మీద 11 నెలలదే. మరి అద్దె చట్టం ఏం చేస్తోందంటే, కర్ణాటక అద్దె చట్టం 1999లో చేసింది, 2001 డిసెంబరు 31న అమల్లోకి వచ్చింది. వ్యాపారానికి వాడే గది 14 చదరపు మీటర్లు దాటితే అది ఈ చట్టం కిందికి రాదు. అంటే సుమారు 150 చదరపు అడుగులు. ఒక బీరువా, ఒక గల్లాపెట్టె, ఇద్దరు మనుషులు పట్టే చోటు. వంటగది, కూర్చునే బల్లలు ఉన్న ఏ హోటలూ అందులో ఇమడదు. పోనీ అంత చిన్న గదే అనుకున్నా, నెల అద్దె 3,500 రూపాయలు మించితే బెంగళూరులో చట్టం వర్తించదు. ఇవాళ ఆ డబ్బుకు మోటారు సైకిల్ నిలుపుకునే చోటు దొరికితే అదృష్టం. పాతకాలపు అద్దె చట్టంలో యజమానులకు అన్యాయం జరిగిందన్న మాటలో నిజముంది. అయితే దాన్ని సరిదిద్దే పేరుతో చిన్న వ్యాపారి కాళ్ల కింద నేల పూర్తిగా తీసేశారు.

ఎం.జి. రోడ్డు వైపు ఏం జరిగిందో పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇండియా కాఫీహౌస్ 2009లో ఆ రోడ్డు వదిలి చర్చ్ స్ట్రీటుకు మారింది. అదే ఏడాది ప్రీమియర్ బుక్‌షాప్ మూతపడింది. ఆ పుస్తకాల కొట్లో మనిషి పక్కకు తిరగడానికి చోటుండేది కాదు. గుట్టల్లోంచి అడిగిన పుస్తకం లాగి చేతిలో పెట్టే షాన్‌బాగ్ గారి గురించి 2021లో ఆయన పోయినప్పుడు ఇంగ్లిషు, కన్నడ పత్రికలు పేజీలు రాశాయి. పన్నెండేళ్లు ఆలస్యంగా.

సర్కారు ఒక్కోసారి మంచి చేయబోయి కూడా ముంచుతుంది. ఎమర్జెన్సీ రోజుల్లో హోటళ్లలో తిండి ధరలు తగ్గించాలని ఆంక్ష పెట్టారు. ఆ ధరకు ఆ నెయ్యి, ఆ పప్పు వాడి వండలేక ఎంటీఆర్ తలుపులు మూసుకుంది. ఖాళీగా ఉన్న పనివాళ్లకు పని చూపించేందుకు పొడులు, మిక్సులు పొట్లాలు కట్టి అమ్మడం పెంచారు. ఆ పొట్లాల వ్యాపారాన్నే 2007లో నార్వే దేశపు ఓర్క్లా కంపెనీ కొనుక్కుంది. హోటళ్లు మాత్రం కుటుంబం చేతిలోనే మిగిలాయి. ఇవాళ అమెరికాలో తెలుగింటి వంటగదిలో ఉన్న ఎంటీఆర్ పొట్లం వెనుక ఒక మూసిన తలుపు కథ ఉందన్నమాట. ఎంటీఆర్ తట్టుకుంది. తట్టుకోలేని చిన్నాచితకా హోటళ్ల పేర్లు ఎవరికి గుర్తున్నాయి?

‘ఆంధ్రా స్టైల్’ బోర్డు కింద లేని తిండి

బెంగళూరులో తెలుగు తిండి అనగానే ఆంధ్రా మీల్స్ గుర్తొస్తుంది. రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున 1984లో వచ్చింది. చర్చ్ స్ట్రీటు భీమాస్, పేటపేటకూ నందిని ఆ దారిలోనివే. అరిటాకు, కందిపొడి, నెయ్యి, పప్పు, గోంగూర, అడిగినంత అన్నం. కన్నడిగులకు ఈ కారం ఎంత నచ్చిందంటే ‘ఆంధ్రా స్టైల్’ అన్న బోర్డు లేని వీధి బెంగళూరులో వెతికితే గానీ దొరకదు. ఆ ‘స్టైల్’ అన్న మాటలోనే సగం గుట్టు ఉంది. లోపల వండేవాడికి గుంటూరు ఎక్కడుందో తెలియకపోయినా ఫర్వాలేదు.

కానీ తెలుగువాళ్లు బెంగళూరు వచ్చింది 1984లో కాదు కదా. నగరత్‌పేట, తరగుపేట, మామూల్‌పేట, అవెన్యూ రోడ్డు చుట్టుపక్కల శెట్ల ఇళ్లలో తెలుగు తరతరాలుగా ఉంది. ఇంట్లో తెలుగు, గల్లాపెట్టె దగ్గర కన్నడం. కోలారు, చింతామణి, శ్రీనివాసపుర, ముళబాగిలు, బాగేపల్లి నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్ల తిండి ఏది? రాగి సంగటి, ఊరిబిండి, ఓళిగలు, నిప్పట్లు, బొరుగుల తిరగమోత, చలికాలం వస్తే అనపగింజల చారు, పితికిపప్పు. వీటికి ‘ఆంధ్రా స్టైల్’ బోర్డు కింద చోటు లేదు. పెద్ద పెద్ద మీల్స్ హోటళ్లలో పితికిపప్పు అడిగితే సర్వరు తెల్లమొహం వేస్తాడు.

ఆ తిండి దొరికేది వి.వి. పురంలో. సజ్జనరావు సర్కిల్ చుట్టూ, తిండి బీదిలో. అక్కడి బోర్డుల మీద తెలుగు అక్షరం ఒక్కటి కనిపించదు. బోర్డులో అరవై శాతం కన్నడం ఉండాలని 2024లో చట్టం సవరించారు గానీ, ఆ అంగళ్ల బోర్డులు తాతల నాటి నుంచీ కన్నడమే. కాస్త చెవి పెడితే మాత్రం లోపల పొట్లం కట్టే ఆడవాళ్ల మాటల్లో తెలుగు వినపడుతుంది. వాసవి కాండిమెంట్స్ వాళ్లు ఏటా చలికాలంలో జరిపే అవరెబేళె మేళాకు జనం తిరునాళ్లకు వచ్చినట్టు వస్తారు. ఆ వీధి చాలక ఇప్పుడు నేషనల్ కాలేజీ మైదానానికి మార్చారు. అనపగింజలతో దోసె, ఉప్మా అంటే సరే, జిలేబీ కూడా వేస్తారు. జిలేబీ సంగతి తిన్నవాళ్లే చెప్పాలి.

పితికిపప్పు అంటే తెలియని కోస్తావాళ్ల కోసం రెండు మాటలు. అనపకాయలు ఒలిచి గింజలు రాత్రంతా నానబెడతారు. పొద్దున ఒక్కో గింజనూ బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని పితికితే తోలు చేతిలో మిగిలి పప్పు గిన్నెలో పడుతుంది. కిలో పప్పు కావాలంటే ఒక మనిషికి సగం పూట పని. మంచు బాగా పడిన ఏడు కాయకు జిడ్డు, వాసన ఎక్కువ. కన్నడిగులు దాన్ని ‘సొగడు’ అంటారు. చెయ్యి కడుక్కున్నా ఆ వాసన పోదు, పోకూడదు కూడా. ఇంట్లో ఇంత ఓపిక ఎవరికుంది? పితికి సిద్ధంగా తూకానికి అమ్మే ఈ అంగళ్లే లేకపోతే, సరిహద్దు జిల్లాల తెలుగిళ్లలో ఈ వంట ఈ తరంతోనే సరి. కూర పుస్తకాల్లో మిగిలితే మిగలొచ్చు.

గాంధీబజార్‌లో సుబ్బమ్మ అంగడి కూడా ఈ కోవలోదే. భర్త పోయిన ఒక ఆడమనిషి అప్పడాలు ఒత్తి అమ్ముకుంటూ 1948లో మొదలుపెట్టిన వ్యాపారం అది. అప్పడాలు, వడియాలు, చక్కిలాలు, కోడుబళెలు, పొడులు. లోపల అడుగు పెడితే చాలు, ఇంగువ వాసన కొడుతుంది. వి.వి. పురంలోనే వీబీ బేకరీలో దొరికే ‘కాంగ్రెస్ కడ్లేకాయి’ ఇంకో ముచ్చట. కారం, మిరియాలు పట్టించిన వేరుశనగ పప్పు అది. రెండు బద్దలుగా విడిపోయి ఉంటుంది కాబట్టి, 1969లో కాంగ్రెసు చీలినప్పుడు ఆ పేరు అంటుకుందని చెప్పుకుంటారు. నిజమో కల్పితమో గానీ, చీలిన పార్టీలు ఎన్నిసార్లు కలిసినా పప్పు మాత్రం బద్దలుగానే అమ్ముతున్నారు.

అడిగితే చెప్పే మనిషి

తిండి సంగతి ఎలా ఉన్నా, అసలు పోగొట్టుకుంటున్నది ‘గ్రంధిగె’ అంగళ్లను. పూజా సామగ్రి, మూలికలు, ఎండు దినుసులు అమ్మే కొట్లను కన్నడంలో అలా అంటారు. తెలుగింటి నుంచి బాలింత మందులకో, నోముకో చీటీ రాసుకుని వెళతారు. ఆ చీటీలో వస అని ఉంటుంది. కన్నడంలో అది బజె. కరక్కాయ అంటే అళలెకాయి. పిప్పళ్లు అంటే హిప్పలి. వాము అంటే ఓమ. అంగడి శెట్టికి రెండు భాషలూ వచ్చు కాబట్టి చీటీ చూసి మారు మాట్లాడకుండా కట్టి ఇస్తాడు. చీటీలో తప్పుంటే దిద్దుతాడు కూడా. పసిబిడ్డకు ఇంత వస అక్కర్లేదమ్మా అని పెద్దరికం చూపిస్తాడు. పది నిమిషాల్లో ఇంటికి సరుకు తెచ్చే ఫోను కంపెనీల దగ్గర వస పొట్లం దొరకొచ్చు. ఎంత వాడాలో చెప్పే మనిషి దొరకడు.

బళెపేటలో వాద్యాల అంగళ్లూ అంతే. పేరుకు గాజుల పేట. వీణ, మృదంగం, తబలా, హార్మోనియం, నాదస్వరం ఏది కావాలన్నా అక్కడికే వెళ్లాలి. కొత్త వాద్యం కొనడం ఒక ఎత్తయితే, మృదంగానికి తోలు మార్పించుకోవడం, వీణకు మేళం కట్టించుకోవడం ఇంకో ఎత్తు. కొత్తదైతే ఎవరైనా అమ్ముతారు. పాతదాన్ని బాగు చేసేవాడు కూర్చునే రెండు గజాల చోటు పోతే, అతను ఇంకో పేటలో మళ్లీ తెరుస్తాడన్న నమ్మకం లేదు.

ఇలాంటివాళ్లకు ఈమధ్య తగిలిన దెబ్బలు తక్కువేం కాదు. గాంధీబజార్ రోడ్డు బాగుచేత పేరుతో తవ్వి ఉంచినప్పుడు నెలల తరబడి అంగళ్ల ముందుకు మనిషి రాలేని పరిస్థితి. బాగుచేత మంచిదే, పూర్తయ్యాక నడవడానికి హాయిగానూ ఉంటుంది. ఆ నెలల అద్దె మాత్రం ఎవరూ తగ్గించరు. 2025 జూలైలో ఇంకో గొడవ. ఫోనులో జమైన డబ్బు లెక్క చూసి వేలాదిమంది చిన్న వ్యాపారులకు వాణిజ్య పన్నుల శాఖ నోటీసులు పంపింది. పాలు, బ్రెడ్డు, కూరగాయలు అమ్ముకునేవాళ్లకూ అందాయి. వారం తిరిగేసరికి ‘యూపీఐ లేదు, క్యాష్ మాత్రమే’ అన్న అట్టముక్కలు వేలాడాయి. బందు పిలుపు దాకా వెళ్లాక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య జోక్యం చేసుకుని పాత బకాయిలు వసూలు చేయబోమన్నారు. పన్ను కట్టొద్దని ఎవరూ అనరు. 40 లక్షలు దాటిన వ్యాపారి రిజిస్టరు చేసుకోవాల్సిందే. అయితే పన్నులేని సరుకుకూ పన్నున్న సరుకుకూ తేడా చూడకుండా మొత్తం జమను ఒక్క రాశి పోస్తే, లెక్కల గుమాస్తాను పెట్టుకోగల పెద్ద దుకాణం నిలబడుతుంది, భార్యాభర్తలు నడిపే అంగడి హడలిపోతుంది.

పాతదైనంత మాత్రాన మంచిదా అని అడిగేవాళ్లున్నారు. కాదు. పాత పేరు చెప్పుకుని నీళ్ల సాంబారు పోసే హోటళ్లున్నాయి. గ్లాసు కడగనివాళ్లు, చిల్లర లేదని చీదరించుకునేవాళ్లు, గిరాకీని చూడగానే మొహం మాడ్చుకునేవాళ్లూ ఉన్నారు. అవి పోతే ఏడవాల్సిన పనేం లేదు. 1983లో జయనగర్‌లో మొదలైన దర్శిని పద్ధతి, నిలబడి తినే హోటళ్లు, వాటికీ అప్పట్లో ‘పాత హోటళ్లను మింగేస్తాయి’ అన్న అపవాదు వచ్చింది. చివరికి అవే బెంగళూరు సామాన్యుడికి రోజూ టిఫిన్ పెట్టాయి. కొత్తది రావడం ఎవరికీ శత్రువు కాదు. బాగా నడుస్తున్న పాతది నేల ధర ఒక్కదాని వల్ల లేచిపోవడమే అన్యాయం.

ఏం చేయాలన్న దానికి నగరాల్లో కొన్ని ప్రయత్నాలు జరిగాయి. 2019లో కోల్‌కతాలో ఇంటాక్ సంస్థ 14 పాత తిండి కొట్లకు నీలి ఫలకాలు ఇచ్చింది. గోడకు ఫలకం ఉంటే గౌరవమే, ఫొటో బాగుంటుంది. అద్దె కట్టదు. బెంగళూరులో 2025 సెప్టెంబరులో బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. కొత్త ఇల్లు, కొత్త లెక్కలు. ట్రేడ్ లైసెన్సుల కాగితాలు తిరగేస్తే ముప్ఫై, నలభై ఏళ్లుగా ఒకేచోట ఒకే వ్యాపారం చేస్తున్నవాళ్లెవరో తేల్చడం బ్రహ్మవిద్య కాదు. వాళ్లకు లైసెన్సు ఫీజులో, అంగడి ఉన్న కట్టడం ఆస్తిపన్నులో కొంత తగ్గింపు ఇస్తే, యజమానికి కూడా పాత అద్దెదారుణ్ని ఉంచుకోవడంలో లాభం కనిపిస్తుంది. యజమానిని తిట్టి లాభం లేదు, అతనికి లెక్క కుదరాలి.

కొనేవాళ్ల వైపు నుంచి కూడా ఒక లెక్క ఉంది. ఏడాదికొకసారి మేళాలో, చుట్టాలతో ఆదివారం వరసలో పెట్టే ఖర్చుతో ఏ అంగడీ బతకదు. అప్పడాలు, పొడులు, విస్తరాకులు, కర్పూరం నెలనెలా ఎక్కడ కొంటున్నారన్నదే అంగడిని నిలబెడుతుంది. వి.వి. పురం దాకా వెళ్లలేని వైట్‌ఫీల్డ్ వాళ్లకు, మారతహళ్లి వాళ్లకు తమ పేటలోనే అలాంటి శెట్టి అంగడి ఒకటి ఉండే ఉంటుంది. దాని పేరు అడిగితే చాలామంది చెప్పలేరు.

శాసనసభ తలుచుకుంటే చేయగలిగింది ఇంకొకటుంది. ఆ 14 చదరపు మీటర్ల గీతను, 3,500 రూపాయల గీతను పాతికేళ్ల కిందటి ధరల మీద గీశారు. అద్దెలు పదింతలైనా గీతలు జరగలేదు. కనీసం ఇరవై ఏళ్లు దాటిన అంగడిని లేపాలంటే ఏడాది ముందు నోటీసు ఇవ్వాలన్న నిబంధన పెట్టినా చాలు. పొయ్యి, పెనం, రుబ్బురోలు, పదిమంది పనివాళ్లు, ఉద్దెర ఖాతాలు ఉన్న హోటల్‌ను ఇంకో చోటికి మార్చి పొయ్యి వెలిగించడానికి ఆ మాత్రం వ్యవధి పడుతుంది. ఇప్పుడు చాలామందికి దొరుకుతున్నది మూడు నెలలు. కొందరికి అదీ లేదు.